తోక తెగిన మాటలు

అంజూర మాత గుడి తాళంచెవి పందొమ్మిదేళ్ళుగా నా ఏప్రన్ జేబులో ఉంది. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్ళు మా అత్తగారి జేబులో ఉండేది. గుడి అంటే పెద్దదేమీ కాదు. మా ఊరి చివర లోయ అంచున, రాతిలో తొలిచిన ఒక గది. ఇరవై రెండు మెట్లు దిగాలి. లోపల గోడ మీద మరియమ్మ తల్లి, ఆమె ఒడిలో బిడ్డ, పక్కన ఇద్దరు పునీతుల బొమ్మలు. వాళ్ళలో ఒకాయనకు కళ్ళు లేవు, ఎప్పుడో ఎవరో గీకేశారు. రాతి పగులులోంచి ఒక అడవి అంజూర చెట్టు బయటికి పెరిగింది. గుడికి ఆ పేరు అందుకే వచ్చింది. శనివారం ఊడ్చి, ఆదివారం దీపం పెట్టి, చూడటానికి ఎవరైనా వస్తే తలుపు తీయటం నా పని. జీతం లేదు. అడగాలని ఎప్పుడూ అనిపించలేదు.

మార్చిలో ఒక ఆదివారం పూజ అయ్యాక మా విచారణ గురువు ఫాదర్ కతాల్దో నన్ను వెనక గదిలోకి పిలిచారు. ఆయన చేతిలో ఒక కవరు ఉంది.

"ముందు కూర్చో ఇంకొరొనాతా. కంగారు పడకు."

"కూర్చోమన్నారంటే కంగారు పడాల్సిన సంగతే అయ్యుంటుంది ఫాదర్."

బిషప్‌గారి మేత్రాసనం కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరం అది. ఈ మధ్య మా లోయలోని రాతి గుడులు చూడటానికి పరాయి దేశాలవాళ్ళు బాగా వస్తున్నారట. కాబట్టి ప్రతి గుడి తాళం ఉన్నవాళ్ళూ వచ్చినవాళ్ళకు పది నిమిషాలపాటు ఇంగ్లీషులో చెప్పగలగాలట. చెప్పాల్సింది ఒక కాగితం మీద అచ్చువేసి జత చేశారు. మే మూడో తారీఖున డాక్టర్ జక్కారియా అనే ఆమె ఒక ఇంగ్లీషు మనిషిని వెంటబెట్టుకుని వచ్చి వింటుంది. విన్న మనిషికి అర్థమైతే సరే. కాకపోతే తాళంచెవి పట్నంలోని గైడ్ల సంఘానికి అప్పగించాలి.

నేను ఉత్తరం రెండుసార్లు చదివాను. "వాళ్ళ దగ్గర తాళం ఉంటే, నాకు లోపలికి వెళ్ళాలనిపించినప్పుడు?"

ఫాదర్ గడ్డం రుద్దుకున్నారు. "వాళ్ళు తెరిచే వేళకి వెళ్ళాలి. అందరిలాగే."

అందరిలాగే. అందులో తప్పేముంది? తల్లి అందరి తల్లి. నా ఒక్కదాని జేబులో ఉండాలని ఎక్కడ రాసి ఉంది? ఇంటికి వెళ్ళేదాకా దారంతా నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను. గుమ్మం ఎక్కేసరికి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

మా పక్కింటి తెయొదోరో బాబాయ్ ఇరవై మూడేళ్ళు ఇంగ్లండులో, బెడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో, ఇటుక బట్టీలో పనిచేసి వచ్చాడు. ఎనభై ఒకటి నిండాయి. పిన్ని పోయినప్పటి నుంచి పొద్దున కాఫీ మా ఇంట్లోనే. మర్నాడు పొద్దున కాగితం ఆయన ముందు పెట్టాను.

"చదవవే, విందాం," అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. ఆదివారం పూజలో బైబిలు చదివేదాన్ని కదా, చదవటం అంటే నాకు భయం లేదు. గొంతు సవరించుకుని, నిటారుగా నిలబడి, ఒక్కొక్క అక్షరం పలుకుతూ మొదటి రెండు వరుసలు చదివాను. బాబాయ్ కప్పు కింద పెట్టాడు.

"ఆగు ఆగు. ఆ 'వాక్' అనే మాట వెనకాల ఎవరొస్తున్నారు?"

"ఎవరొస్తున్నారు?"

"వాకెడ్డా అన్నావు. ఆ ఎడ్డా ఎవరు? స్టెప్సె అన్నావు. ఆ సె ఎవరు? ఒక్కో మాటకి ఒక్కో తోక తగిలించుకుని వస్తున్నావు. మేకల మంద వెళ్తున్నట్టుంది."

"అక్కడ ఇ, డి అని అచ్చేసి ఉంది బాబాయ్. ఉన్నది చదవొద్దా?"

"ఉన్నదంతా చదివితే అది ఇంగ్లీషు కాదు. వాళ్ళు రాసేది రాస్తారు, పలికేది పలుకుతారు. ఇదిగో ఈ మాట చూడు, రెస్టొరేషన్. ఎంత పొడుగుందో చూశావా? చివర్లో ఉత్తినే 'షన్' అని ఊదేస్తారు. నువ్వేమన్నావు? రెస్టొరాత్సియోనే! అందులో సగం దూరం నడిచేసరికి వాళ్ళు ఇంటికెళ్ళి టీ తాగేస్తారు."

మా ఆయన సవేరియో గుమ్మం మీద కూర్చుని బూట్లకు తాడు కట్టుకుంటున్నాడు. నవ్వాడు.

"నవ్వకు. నీకు అది కూడా రాదు," అన్నాను.

"నన్నెవరూ అడగలేదుగా," అన్నాడు.

ఆ వారమంతా బాబాయ్ నాకు మాటల చివరలు నేర్పాడు. ఆ కాగితంలో డి అక్షరంతో ముగిసే మాటలు నలభై ఒకటి ఉన్నాయి. నడిచారు, తొలిచారు, చిత్రించారు, తాళం వేశారు, కాల్చారు, కడిగారు. గుడి చరిత్ర అంటే ఎప్పుడూ జరిగిపోయిన సంగతే కదా, అందుకని ప్రతి మాటకూ ఆ డి. దాన్ని ఎక్కడ ట్ అనాలో, ఎక్కడ డ్ అనాలో, ఎక్కడ ఇడ్ అనాలో నాకు అంతుపట్టలేదు. 'వాక్ట్' అంటే పక్క మాటను కూడా అలాగే అన్నాను. 'పెయింటిడ్' అంటే వెనకటి మాటకు కూడా ఇడ్ తగిలించాను. బాబాయ్ పెరట్లోంచి రెండు ఇటుకలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది వాక్. ఇది ట్. దీని మీద ఇది పెట్టు. అతుక్కుపోయింది. మధ్యలో ఏమీ లేదు. వాక్ట్. అర్థమైందా?"

"మధ్యలో సున్నం లేకుండా ఇటుక నిలబడదు మావా," అన్నాడు సవేరియో. మా ఆయన పని రాతి గోడలు కట్టటం. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా, రాయి మీద రాయి కూర్చి కట్టే గోడలు. మా చుట్టుపక్కల పొలాలన్నీ వాటితోనే నిండి ఉన్నాయి. ఇటుక పని అంటే ఆయనకు చిన్నచూపు.

"నీ గోడలు కావోయ్ ఇవి. ఇది నాగరికులు కట్టే గోడ," అన్నాడు బాబాయ్.

"మా నాన్న కట్టిన గోడలో సున్నం చుక్క లేదు. మేకలు దూకని రోజు లేదు. ఒక్క రాయి కదిలితే అడుగు."

"సరే, అయితే నువ్వే చెప్పు. 'పెయింట్' చివర ట్ ఉంది. దాని మీద ఇంకో ట్ ఎలా నిలబెడతావు?"

సవేరియో ఆలోచించాడు. ఇటుక ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "నున్న రాయి మీద నున్న రాయి పెడితే జారిపోద్ది. నిలబడాలంటే మధ్యలో కాస్త మట్టి పూయాలి. గరుకు రాయి మీద అయితే అక్కర్లేదు. దానంతట అదే కరుచుకుంటుంది."

బాబాయ్ బల్ల మీద చేత్తో కొట్టాడు. "ఇదే! చివర ట్ గానీ డ్ గానీ ఉంటే మధ్యలో పల్చగా 'ఇ' అని పూత. లేకపోతే పూత లేదు. అల్లుడూ, ఇన్నేళ్ళకి నీ నోట్లోంచి పనికొచ్చే మాట ఒకటి వచ్చింది!"

"నీ ఇటుక బుర్రలోకి ఎక్కిందిగా, అది చాలు."

నేను పెన్సిలు తీసుకుని కాగితం మీద గుర్తులు పెట్టాను. నలభై ఒక్క మాటల్లో నాలుగింటికే పూత కావాలి. మిగిలిన ముప్పై ఏడూ రాయి మీద రాయే. ఇంత చిన్న సంగతి అని నాకు ధైర్యం వచ్చింది. లేచి నిలబడి, గొంతు సవరించుకుని చదివాను.

తోకలు అలాగే ఉన్నాయి. వాక్టా. లాక్టా. బర్న్‌డా. పెయింటిడ్డా.

బాబాయ్ నా మొహం వైపు చూసి కాఫీ అడిగాడు.

ఏప్రిల్ సగం దాకా అలాగే గడిచింది. నియమం నా తలలో ఉంది, నోట్లోకి రాదు. పిండి పిసుకుతూ అనుకున్నాను, బట్టలు ఆరేస్తూ అనుకున్నాను. జపమాల చెప్పుకుంటూ కూడా ఒకసారి 'వరప్రసాదము చేత నిండిన' దగ్గర ఆగి, దీని చివర ట్ పెట్టాలా డ్ పెట్టాలా అనుకుని, సిగ్గుపడి మళ్ళీ మొదటి పూస దగ్గరికి వెళ్ళాను. ఏదైనా ఒక మాట చివర హల్లుతో ఆగిపోతే నాకు మెట్టు తప్పినట్టు ఉంటుంది. గొంతు దానంతట అదే ఒక అచ్చును చేర్చేస్తుంది.

ఎందుకలా అని నాకు తెలుసు. చిన్నప్పుడు మా బడిలో సిస్టర్ అక్విలీనా ఉండేది. మా ఇళ్ళల్లో మాట్లాడే భాషలో మాట చివర ఉండదు. రొట్టెను పుస్తకంలో 'పానె' అంటారు, మేం 'పాన్' అంటాం. మనిషి పేరు కూడా అంతే. మా ఆయన్ని మా అత్తగారు 'సవే' అనే పిలిచేది, మిగతాది మింగేసేది. సిస్టర్ ఒక్కొక్కరినీ లేపి నిలబెట్టి, "మాట చివర ఎక్కడ పడేసొచ్చావ్? పశువుల కొట్టంలోనా? వెళ్ళి తెచ్చుకో," అనేది. తరగతి అంతా నవ్వేది. వెళ్ళి గుమ్మం బయట నిలబడి, మాట మొత్తం పలికితేనే లోపలికి రానిచ్చేది. ఆమె చెడ్డదని అనను. మా కోసమే చేసింది. ఇంట్లో ఎలా మాట్లాడినా సరే, దేవుడి ముందూ, ఆఫీసుల్లోనూ, పరాయివాళ్ళ ముందూ మాట చివరి అచ్చు దాకా వినిపించాలని నేర్పింది. అది మా ఊళ్ళో మా వయసువాళ్ళందరికీ ఉన్న మర్యాద. మంచి చెప్పులు వేసుకున్నట్టు, మాటకు చివర అచ్చు తొడుగుతాం.

ఇంగ్లీషు అంటే పరాయివాళ్ళ భాష, అందులోనూ గుడిలో చెప్పాల్సినది. అంతకంటే మర్యాద చూపించాల్సిన చోటు నాకు ఇంకేముంది? అందుకే ఎంత భయపడితే అన్ని అచ్చులు చేర్చేదాన్ని.

ఏప్రిల్ ఇరవై రెండున, శనివారం, గుడి మెట్లు కడుగుతున్నాను. పైనుంచి కిందికి ఇరవై రెండూ కడిగి, వెనక్కి తిరిగి చూసేసరికి సవేరియో బురద బూట్లతో దిగి వస్తున్నాడు. చేతిలో నా కళ్ళజోడు. ఇంట్లో మర్చిపోయానట.

నేను అరిచాను. ఏమరిచానో పూర్తిగా చెప్పను. "ఆగక్కడ! కళ్ళు నెత్తి మీదున్నాయా? ఇప్పుడే కదా కడిగింది! నీ బూట్లూ నువ్వూ! దేవుడి ఇంట్లోకి ఎద్దులా దిగొస్తావా? విప్పు! విప్పమంటుంటే!" ఇదంతా మా ఇంటి భాషలో. ఒక్క మాటకూ చివర లేదు.

మెట్ల పైన నవ్వు వినిపించింది. తెయొదోరో బాబాయ్. కర్ర మీద ఒరిగి, ఒళ్ళంతా ఊగేట్టు నవ్వుతున్నాడు.

"నువ్వు కూడా చూడ్డానికొచ్చావా?" అన్నాను.

"వినడానికొచ్చాను. మళ్ళీ తిట్టవే వాణ్ణి."

"ఎందుకు?"

"తిట్టు, చెప్తాను. ఆ నోరు మార్చకు. ఆ నోటితోనే 'వాష్ట్' అను. కడిగాను అని వాడికి చెప్పు, ఇంగ్లీషులో. కోపంగా."

నేను సవేరియో బూట్ల వైపు చూశాను. నాలుగు మెట్ల మీద బురద. "వాష్ట్!" అన్నాను. "ఐ వాష్ట్ ది స్టెప్స్!"

తోక లేదు. రెండు మాటలకూ లేదు.

"ఇంకోటి. తాళం వేశాను అను."

"లాక్ట్."

"కాల్చారు."

"బర్న్డ్."

"ఇప్పుడు పూత పెట్టే మాట ఒకటి."

"పెయింటిడ్."

బాబాయ్ మెట్టు మీద కూలబడ్డాడు. "ఓరి దేవుడా! నాకెందుకు తట్టలేదు? బెడ్‌ఫర్డ్‌లో మనవాళ్ళందరికీ చివరలు ముందే వచ్చేశాయి. ఫోర్‌మన్ కూడా మెచ్చుకునేవాడు. మేం బడికి వెళ్ళలేదు కదా, ఎవడూ మాకు తోకలు కుట్టలేదు. చదువుకున్నదానివి, నీకే వచ్చింది తిప్పలు."

సవేరియో బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "అయితే నా బురద పనికొచ్చినట్టేనా?"

"నువ్వు తుడువు," అన్నాను.

ఆ రోజు వాళ్ళు వెళ్ళాక నేను తలుపు దగ్గరికి వేసి లోపల కూర్చున్నాను. నాకు సంతోషం కలగాలి, కలగలేదు. ఆ నోరు పనికొస్తుందని తెలిసింది, సరే. కానీ అది నేను మొగుణ్ణి తిట్టే నోరు. కోళ్ళను తోలే నోరు. పరాయి మనిషి ముందు, పట్నం నుంచి వచ్చిన డాక్టర్ ముందు, అన్నిటికంటే ముందు ఈ తల్లి ముందు, ఆ నోరు తెరవటం మర్యాదేనా? సిస్టర్ అక్విలీనా పోయి ఇరవై ఏళ్ళయింది. అయినా నేను గుమ్మం బయట నిలబడ్డట్టే అనిపించింది.

నేను తల్లి వైపు చూశాను. ఆమె రంగు చాలాచోట్ల రాలిపోయింది. మా అబ్బాయి పుట్టిన ఏడాది వాడు ఊపిరి అందక ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు, నేను ఇక్కడికే పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద పడ్డాను. అప్పుడు ఏ భాషలో అడిగాను? పుస్తకంలోని ప్రార్థన ఒక్క ముక్క గుర్తు రాలేదు. మా అమ్మ భాషలో, సగం సగం మాటల్లో, మింగేసిన చివరలతో అడిగాను. ఆమె 'మాట మొత్తం పలికి రా' అని నన్ను బయట నిలబెట్టలేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆమెతో నేను ఎప్పుడు మనసులో మాట చెప్పుకున్నా అలాగే చెప్పుకున్నాను. పూజలో అందరి ముందు చదివేటప్పుడు మాత్రమే అచ్చులు తొడిగాను.

అయితే తల్లికి ఏది మర్యాద, ఏది కాదు? నాకు తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో. ఆమె మాత్రం ఏ రోజూ అభ్యంతరం చెప్పలేదు. అంతవరకు నాకు తెలుసు. అంతటితో సరిపెట్టుకుని ఇంటికి వచ్చాను.

మే మూడో తారీఖు పొద్దున నేను నీలం గౌను వేసుకున్నాను. అది పెళ్ళిళ్ళకు వేసుకునేది. సవేరియో చూసి, "అంత బిగించుకున్నావేంటి? ఊపిరాడుతోందా?" అన్నాడు. మాట్లాడొద్దన్నాను. తాళంచెవి ఏప్రన్ జేబులోంచి తీసి చేతిలో పట్టుకున్నాను. చెమటకు తడిసిపోయింది.

డాక్టర్ జక్కారియాకు నలభై ఐదేళ్ళుంటాయి. సన్నగా, పొట్టి జుట్టుతో, చేతిలో నల్ల పుస్తకంతో వచ్చింది. ఆమెతో వచ్చిన ఇంగ్లీషు ఆమె పేరు హిల్డా. డెబ్బై దాటి ఉంటాయి. చాలా పొడగరి. మా ఊళ్ళో అంత పొడుగు ఆడవాళ్ళు లేరు. చేతిలో కర్ర, తలకు గడ్డి టోపీ. పలకరింపుగా నవ్వింది. "ఈమె నిజంగానే మన భాష రాని మనిషి. మీరు చెప్పేది ఈమెకు అర్థమైతే చాలు. నేను మధ్యలో మాట్లాడను," అంది డాక్టర్.

సవేరియో, బాబాయ్ ఎదురుగా ఉన్న గోడ దగ్గర నిలబడి ఆకాశం వైపు చూస్తున్నారు. అక్కడ చూడటానికి ఏమీ లేదు.

నేను తాళం తీశాను. నిటారుగా నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను. ఆ గొంతు సవరించుకోవటంలోనే తెలిసిపోయింది నాకు. మొదటి మాటే 'వెల్‌కమ్మె' అని వచ్చింది. రెండో వరుసలో 'వాక్టా'. మెట్లు 'స్టెప్సె' అయ్యాయి. హిల్డా నా వైపు తల వంచి, చెవి ముందుకు పెట్టి, నవ్వు అలాగే ఉంచుకుంది. అర్థం కానప్పుడు మనం చిన్నపిల్లల వైపు చూసి నవ్వే నవ్వు అది. డాక్టర్ పుస్తకంలో ఏదో రాసింది.

నేను ముందు దిగుతూ చెబుతున్నాను. ఐదో మెట్టు, ఏడో మెట్టు. 'కార్వ్‌డా.' తొలిచారు అనటానికి. ఇంకా పదిహేను మెట్లు, ఇంకా ముప్పై తోకలు. తల్లీ, ఇదిగో తాళంచెవి, వాళ్ళకే ఇచ్చేయి, అనుకున్నాను.

పన్నెండో మెట్టు దగ్గర పైకప్పు రాయి కిందికి పొడుచుకు వచ్చి ఉంటుంది. మా ఊరివాళ్ళం చిన్నప్పటి నుంచీ అక్కడ తెలియకుండానే తల వంచుతాం. ఆ సంగతి కాగితంలో లేదు. నేను వెనక్కి తిరిగేసరికి హిల్డా టోపీ తీసి చేత్తో పట్టుకుని, గోడ మీది గీతలు చూస్తూ, తిన్నగా ఆ రాయి మీదికి దిగుతోంది.

"తల! తల వంచమ్మా తల్లీ! ఆగు!"

మా ఇంటి భాషలో, కోళ్ళను తోలే గొంతుతో, లోయ ఆ చివరికి వినబడేట్టు. ఆమెకు ఒక్క ముక్క తెలియదు, కానీ ఆ గొంతు ఏ భాషవాళ్ళనైనా ఆపుతుంది. ఆగిపోయింది. ఆమె నుదుటికీ రాతికీ మధ్య వేలెడంత ఎడం ఉంది.

హిల్డా కళ్ళు పైకెత్తి ఆ రాయిని చూసింది, చేత్తో తడిమింది, పకపకా నవ్వింది. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే ఆమె మోచేయి పట్టుకుని కిందికి దించాను. నీలం గౌను, నల్ల పుస్తకం రెండూ నాకు గుర్తు లేవు. ఒక పెద్దావిడను మెట్లు దించుతున్నాను, అంతే. దించుతూ, పక్కింటామెకు చెబుతున్నట్టు, ఇక్కడ గొర్రెల కాపరులు ఉండేవాళ్ళని చెప్పాను. 'లివ్డ్.' రాత్రిళ్ళు గొర్రెలను లోపల పెట్టి తాళం వేసేవాళ్ళని. 'లాక్ట్.' మంటలు వేసుకునేవాళ్ళనీ, ఆ పొగ తల్లి మొహాన్ని కప్పేసిందనీ. 'కవర్డ్.'

"ఆహ్," అంది హిల్డా. గోడ దగ్గరికి వెళ్ళి చూసింది. అర్థమైంది. ఆమె నవ్వు మారిపోయింది. ఇప్పుడు ఆ నవ్వు పెద్దవాళ్ళ వైపు చూసి నవ్వేది.

ఆ తర్వాత మాటలు రాయి మీద రాయిలా వచ్చాయి. పూత పెట్టాల్సిన నాలుగింటిలో ఒకటి తప్పాను, 'డెకరేటిడ్' అనబోయి తడబడ్డాను. ఆమె పట్టించుకోలేదు. చివర్లో ఆమె కాగితంలో లేని ప్రశ్న వేసింది. అంత పొగ పట్టిన గోడ ఇంత శుభ్రంగా ఎలా అయింది అని, చేత్తో చూపిస్తూ.

నేను చేతులతో చూపించాను. మా అత్తగారి కాలంలో ఊరి ఆడవాళ్ళు రొట్టె లోపలి మెత్తటి ముద్ద తీసి, దాన్ని గోడ మీద మెల్లగా అద్ది, మసి లాగేవాళ్ళు. తర్వాత కార్యాలయంవాళ్ళు అలా చేయొద్దన్నారు, మానేశారు. "మై హస్బెండ్స్ మదర్. ఆల్ ది విమెన్. దే క్లీన్డ్. విత్ బ్రెడ్."

"విత్ బ్రెడ్?" అంది హిల్డా.

"బ్రెడ్," అన్నాను.

ఆమె టోపీ గుండెకు ఆనించుకుని తల్లి మొహం వైపు చాలాసేపు చూసింది. తర్వాత డాక్టర్ వైపు తిరిగి గబగబా ఏదో చెప్పింది. అంత వేగం నాకు అందలేదు.

పైకి వచ్చాక డాక్టర్ జక్కారియా నల్ల పుస్తకం తెరిచింది. "పన్నెండో మెట్టు దాకా నేనిక్కడ 'కుదరదు' అని రాసుకున్నానండీ," అంది. చూపించింది కూడా. ఆ మాట మీద అడ్డంగా గీత గీసి ఉంది. "తర్వాత మీకేమైందో నాకు తెలీదు. ఆ రెండో గొంతుతోనే చెప్పండి. వచ్చినవాళ్ళందరికీ అలాగే చెప్పండి."

"అంటే తాళం..."

"మీ దగ్గరే ఉంటుంది. కాగితం పంపిస్తాం." ఆమె వెళ్ళబోతూ ఆగింది. "ఆ రాయి సంగతి మాత్రం ముందే చెప్పండి. మొదటి మెట్టు మీదే."

వాళ్ళ కారు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. తర్వాత గుమ్మం మెట్టు మీదే కూర్చుండిపోయాను. సవేరియో, బాబాయ్ పరుగులాంటి నడకతో వచ్చారు.

"ఏమైంది? ఆ అరుపేంటి? కొండ విరిగిందనుకున్నాం," అన్నాడు సవేరియో.

"పోయిందా?" అన్నాడు బాబాయ్.

నేను చెయ్యి తెరిచి తాళంచెవి చూపించాను. సవేరియో నా పక్కన కూర్చుని నా గౌను వెనక పైగుండీ విప్పాడు. అప్పుడు ఊపిరి పూర్తిగా ఆడింది. ఎన్ని వారాల తర్వాతో లెక్క పెట్టలేదు.

"లోపలికి వెళ్ళి తల్లికి చెప్పిరా, మేం ఇక్కడుంటాం," అన్నాడు.

వెళ్ళాను. మోకాళ్ళ మీద నిలబడ్డాను. కృతజ్ఞత చెప్పాలని ఎంతో అనుకున్నాను, ఒక్కటీ రాలేదు. దీపం వత్తి సరిచేసి, వచ్చేశాను. అది సరిపోయిందా అని దారిలో ఒకసారి అనుకున్నాను. సరిపోయే ఉంటుంది.

ఇంట్లో పొద్దున్నే చేసి పెట్టిన చిక్కుడుగింజల ముద్ద, ఉడకబెట్టిన చేదు ఆకుకూర ఉన్నాయి. ఒక పళ్ళెం తిన్నాను. రెండో పళ్ళెం తిన్నాను. సవేరియో తన పళ్ళెంలోది సగం నా వైపు జరిపితే అదీ తిన్నాను. మాటల చివరలు మొదలైన దగ్గర నుంచి నాకు తిండి రుచి తెలియలేదని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున బాబాయ్ ఎప్పటిలాగే వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, కర్ర బల్లకు ఆనించాడు. అలవాటుగా చెవి నా వైపు తిప్పాడు.

"ఇవాళ ఏం చదువుతావు?"

"ఏమీ చదవను బాబాయ్," అన్నాను. "కాఫీ తాగు."